ఉప్పుగాలికి తుప్పుపట్టిన బండిరేకులను ఇంటివద్ద బాగుచేసికొను విధము

ఉద్దానమున కొబ్బరికాయ చెట్టుమీద నున్నంతకాలము అది కాయయే గాని కాసు కాదు. తోటనుండి రోడ్డునకును, రోడ్డునుండి బేరగాని కొట్టునకును చేరిననాడే దానికి వెల గలుగును. జీడిగింజ సంగతియు నట్టిదే. మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతపు తోటలలో రాలిన గింజ పలాస, కాశీబుగ్గలలోని జీడి కర్మాగారములకు చేరవలెను. పూర్వము ఈ మోత యంతయు ఎడ్లబండ్లమీద జరిగెను. నేడు చిన్నలారీలును, పికప్ బండ్లును ఆ పని చేయుచున్నవి. 1986లో వెలువడిన టాటా 407 రకపు లారీలును, 2005లో వెలువడి జనులచే చోటా హాథీ యని పిలువబడుచున్న టాటా ఏస్ బండ్లును మన గ్రామములలో తరచుగా కానవచ్చును. వీనిలో పెక్కు బండ్లు రెండవ చేతికో మూడవ చేతికో మారినవి. అట్టి బండికి ఇంజను బాగుగనే యుండును. చక్రములు బాగుగనే యుండును. కాని తలుపు అడుగున రేకు చిల్లులుపడి, కాలుపెట్టు మెట్టు పొడియై, తొట్టి నేల జల్లెడయై యుండును.

కందెన లేని బండికి కావలసినంత సంగీతమని మన పెద్దలు చెప్పిరి. వారు ఏటేట బండిని విప్పి, ఇరుసు తుడిచి కందెన వేసి, చక్రపు పట్టాను కమ్మరిచే బిగింపించిన పిమ్మటనే పనికి కట్టెడివారు. ఆ శ్రద్ధ మోటారుబండి విషయమున మనకు ఇంకను అలవడలేదు. రేకు చిల్లుపడినప్పుడు లప్పము మెత్తించి, పైన రంగు కొట్టించి, పని యైనదనుకొందుము. రెండు వానకాలములు గడచునంతలో ఆ లప్పము పెచ్చుగా ఊడి, మొదటి చిల్లుకంటె పెద్ద చిల్లు బయటపడును. పైన పటారము, లోన లొటారమను సామెత ఇట్టి బండికే తగును.

కావున ఈ వ్యాసమున చెప్పదలచిన ముఖ్యవిషయ మొక్కటియే. తుప్పును కప్పరాదు, కోసి తీసివేయవలెను. తుప్పు అప్పువంటిది. పత్రమును పెట్టెలో దాచినంతమాత్రమున అప్పు తీరదు. చీకటిలో వడ్డీ పెరుగుచునే యుండును. సహకార సంఘ సభ్యులకు ఈ లెక్క వేరుగా చెప్పనక్కరలేదు.

తుప్పు ఏల పట్టును?

ఇనుము గనిలో ఇనుముగా దొరకదు. ప్రాణవాయువుతో కలిసిన రాయిగా దొరకును. కొలిమిలో మిక్కిలి వేడిచేసి ఆ వాయువును విడదీసినపుడే అది లోహమగును. ఇట్లు బలవంతముగా విడదీయబడిన ఇనుము, గాలియు నీరును దొరకినచో మరల ప్రాణవాయువుతో కలియుటకు చూచుచుండును. ఆ కలయికయే తుప్పు. గాలి మాత్రమే యున్నను, నీరు మాత్రమే యున్నను ఇనుము అంత త్వరగా చెడదు. రెండును కూడినపుడు చెడును. వానికి ఉప్పు తోడైనపుడు పని మిక్కిలి వేగముగా సాగును. ఏలయన తుప్పుపట్టుటలో రేకు ఒకచోటనుండి మరియొకచోటికి సూక్ష్మమైన విద్యుత్తు ప్రవహించును. మంచినీటికంటె ఉప్పునీరు ఆ విద్యుత్తును సులభముగా పోనిచ్చును. అంతేగాక ఉప్పులోని క్లోరైడను పదార్థము ఇనుముమీద నిలువదగిన రక్షణపొరను భేదించును.

సముద్రపు నీటిలో నూటికి సుమారు మూడున్నర పాళ్లు ఉప్పు కలదు. కెరటము విరిగినపుడు లేచు తుంపరలు గాలిలో ఎగిరి, ఆరి, కంటికి కనబడని ఉప్పురేణువులై మన తోటలమీదను, బండ్లమీదను వాలును. వానకాలమున వంటయింటి ఉప్పుకుండ చెమ్మగిలుట గృహిణు లందరును ఎరిగినదే. గాలిలో తేమ నూటికి 75 పాళ్లు దాటినచో ఉప్పు తానే ఆ తేమను పీల్చుకొని కరగును. సముద్రపు ఉప్పులో కొలదిగా నున్న మెగ్నీషియం క్లోరైడు అంతకంటె తక్కువ తేమకే కరగును. అనగా మన తీరమున వాన లేకున్నను, ఉప్పు వాలిన రేకు దినములో పెక్కుగంటలు తడిసియే యుండును. బారువ, భావనపాడు తీరముల నిలిచియుండు బండి, టెక్కలిలో నిలిచియుండు బండికంటె త్వరగా చెడుటకు కారణ మిదియే. నౌపడ ఉప్పుమడులనుండి ఉప్పు మోయు బండ్ల సంగతి చెప్పనే అక్కరలేదు.

ఇది మనకు మాత్రమే గల బాధ గాదు. కెనడా, అమెరికా దేశములలోని శీతలప్రాంతములందు చలికాలమున రోడ్లపై పేరుకొను మంచును కరగించుటకు ఉప్పు చల్లుదురు. సముద్రమునకు వందలమైళ్ల దూరమున నుండియు అచ్చటి బండ్లు మన బండ్లవలెనే అడుగునుండి తినబడును. కావుననే అచ్చటివారు బండి పైభాగముకంటె అడుగుభాగమును కడుగుటయందు ఎక్కువ శ్రద్ధ వహింతురు.

రైతు తానే తెచ్చిపెట్టుకొను ఉప్పు మరియొకటి కలదు. కొబ్బరికి పొటాషు ప్రాణము. కాపునకు వచ్చిన చెట్టుకు ఏటేట సుమారు 2 కిలోల మ్యూరేటు పొటాషు వేయుదుము. ఆ యెరువులో నూటికి సుమారు 45 పాళ్లు క్లోరైడే. చెట్టునకు మేలుచేయు ఈ యెరువే రేకునకు సముద్రపు ఉప్పుతో సమానమైన శత్రువు. చినిగిన సంచినుండి తొట్టి మూలలలోనికి జారిన పొటాషు పిడికెడైనను, తేమ తగిలినంతనే ఆ మూలను తినివేయును. కోళ్లపెంటయు, చేపలబుట్టలనుండి కారు మంచునీరును ఇట్టివే.

చూడవలసిన చోటులు

ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడందురు. తుప్పు అట్టి దొంగ. రంగు పొంగి బొబ్బవలె లేచినచోట లోపల తుప్పు అప్పటికే చాలదూరము ప్రాకియుండును. ఇనుముకంటె తుప్పు ఎక్కువ చోటు ఆక్రమించును గనుక అది రంగును పైకి నెట్టును. బొబ్బ వెలుపల రూపాయిబిళ్లంత కనబడినచో, లోపల అరచేయంత చెడియుండుట అరుదు గాదు.

బండిని చదునైన నేలపై నిలిపి, ఈ క్రింది చోటులను వరుసగా చూడవలెను. తలుపుల అడుగు అంచు, కాలుపెట్టు మెట్టు, చక్రముల పైనుండు మడ్గార్డుల లోపలివైపు, క్యాబినులో కాళ్లక్రింది చాపయెత్తి దాని అడుగు నేల, ముందు అద్దపు రబ్బరు క్రింది గాడి, బ్యాటరీ పెట్టె, తొట్టి నేల, దాని నాలుగు మూలలు, వెనుక డాలా కీళ్లు, గొళ్లెములు. అనుమానమున్నచోట స్క్రూడ్రైవరు పిడితో మెల్లగా తట్టవలెను. మంచి రేకు ఖంగుమని పలుకును; చెడిన రేకు బొంగురుగా పలుకును. పిమ్మట దాని మొనతో ఒత్తి చూడవలెను. మొన దిగినచో ఆ చోటు కోతకు వచ్చినదని యెరుగవలెను. చూచినవన్నియు సుద్దతో గీసి గుర్తించినయెడల పని పరిమాణము ఒక్కచూపునకే తెలియును.

ఇంటివద్ద చేయరాని పనులు

ఈ భాగమును త్వరపడి దాటవలదని సభ్యులను కోరుచున్నాను. బండిలో చర్మమువంటి రేకులు కొన్ని, ఎముకలవంటి భాగములు కొన్ని కలవు. తలుపు పైరేకు, మడ్గార్డు, మెట్టుపై కప్పు, తొట్టి ప్రక్కరేకులు చర్మమువంటివి. వీనిని రైతు తన యింటిముంగిట బాగుచేసికొనవచ్చును. ఛాసిస్ దూలములు, వానిని కలుపు అడ్డపట్టీలు, కమానుకట్టలు తగిలించు బ్రాకెట్లు, క్యాబిను కూర్చుండు దిమ్మలు, సీటును సీటుబెల్టును బిగించు చోటులు, తలుపు కీలును మోయు స్తంభము, స్టీరింగు పెట్టె బిగింపు, బ్రేకు గొట్టములు ఎముకలవంటివి. వీనియందు తుప్పు లోతుగా కనబడినచో ఇంటి పని ఆపి, అనుభవశాలియైన పనివానియొద్దకు బండిని పంపవలెను. ఇచ్చట పైపూతతో కప్పిన తుప్పు, నిండుబరువుతో రోడ్డుమీద పోవుచుండగా విరుగును. విరిగినపుడు పోవునది రేకు గాదు, మనిషి.

డాలా గొళ్లెమును కూడ చిన్నదిగా నెంచరాదు. కొబ్బరికాయల ఒత్తిడికి తుప్పుపట్టిన గొళ్లెము తెగినచో, వెనుక వచ్చు ద్విచక్రవాహనముపై కాయలు కురియును. కాయలమీద కూలివాండ్రను కూర్చుండబెట్టి తీసికొనిపోవు అలవాటు బండి క్రొత్తదైనను తగదు. తుప్పుబండియందు అది ప్రాణముతో చెలగాటము.

చట్టమును కూడ గమనింపవలెను. సరకుబండికి వయస్సు ఎనిమిదేండ్లు దాటినపిమ్మట ఏటేట యోగ్యతాపత్రము పొందవలసియున్నది. పరీక్షించు అధికారి రంగును గాక గట్టితనమును చూచును. మరియు 1988 నాటి మోటారువాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము బండి యొక్క నమోదైన రూపమును ఇచ్చవచ్చినట్లు మార్చరాదు. కావున చెడిన రేకుకు బదులు అదే ఆకారపు రేకు వేయవలెనేగాని, పనిలో పనిగా తొట్టిని ఎత్తుచేయుట, పొడవుచేయుట కూడదు.

తగిన కాలము

ప్రతి సేద్యమునకు అదను ఉన్నట్లే ఈ పనికిని అదను కలదు. జూను మొదలు సెప్టెంబరు వరకు నైరుతి వానలు. అక్టోబరు, నవంబరు తుపానుల కాలము. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున పలాస సమీపమున తీరము దాటిన తిత్లీ తుపానును ఉద్దానము మరువజాలదు. కూలిన కొబ్బరిచెట్టుకు బదులు నాటిన మొక్క కాపునకు రావలెనన్న ఏండ్లు పట్టును. అట్టి కాలమున క్రొత్తబండికి అప్పుచేయలేని రైతుకు పాతబండియే ఆధారము. కావున తుపాను కాలమునకు ముందే బండి గట్టిగా నుండవలెను. జనవరి మొదలు మార్చి వరకు గల పొడికాలము ఈ పనికి శ్రేష్ఠము.

ఆ దినములలోను ఉదయపు మంచు ఆరిన పిమ్మట, అనగా సుమారు తొమ్మిది గంటలకు మొదలుపెట్టి, సాయంకాలము నాలుగు గంటలకు రంగుపని ముగింపవలెను. రేకు రంగునకు తగినట్లు పొడిగా నున్నదో లేదో తెలిసికొనుట సులభము. తడిగుడ్డతో రేకుమీద ఒకసారి తుడువవలెను. ఆ చెమ్మ పదిహేను నిమిషములలో ఆరినచో రంగు వేయవచ్చును. ఆరనిచో ఆ పూట గాలిలో తేమ యధికముగా నున్నదని యెరిగి మానుకొనవలెను.

కావలసిన వస్తువులు

చేతి గ్రైండరు, దానికి తగిన కోతచక్రములును తీగబ్రష్షును, డ్రిల్లు యంత్రము, రివిటు తుపాకి, రేకు కత్తెర, సుత్తి, ఆకురాయి, 80, 120, 180, 320 నంబర్ల ఎమిరీ కాగితములు, ఫాస్ఫారికామ్లము గల తుప్పుమందు, ఎపాక్సీ ప్రైమరు, కీళ్లు పూడ్చు సీలెంటు, కొంచెము లప్పము, ఎనామెల్ రంగు. రేకు విషయమున బండిరేకు మందమునకు సరిపడు దానినే కొనవలెను. తలుపులకు 20 లేక 22 గేజి, అనగా సుమారు 0.9 లేక 0.7 మిల్లీమీటరు రేకు చాలును. మెట్టునకు 18 గేజి, అనగా సుమారు 1.2 మిల్లీమీటరు రేకు వాడవలెను. తొట్టి నేలకు అంతకంటె మందమైనది కావలెను.

జింకు పూతగల రేకు దొరకినచో మేలు. జింకు ఇనుముకంటె ముందుగా తానే క్షీణించి ఇనుమును కాపాడును. ఈ ధర్మమును ఆధారము చేసికొని 1824లో హంఫ్రీ డేవీ యను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఓడల అడుగున తాపిన రాగిరేకును జింకు, ఇనుపముక్కలచే రక్షింపవచ్చునని చూపెను. కొలదియేండ్లకే ఫ్రాన్సు దేశమున ఇనుపరేకును కరగిన జింకులో ముంచు పద్ధతి వాడుకలోనికి వచ్చెను.

పని జరుపు క్రమము

మొదటిది కడుగుట. ఉప్పు రేకుమీద నుండగా ఎంత రుద్దినను, ఎంత రంగు వేసినను ప్రయోజనము లేదు. ఉప్పు రంగుక్రింద చిక్కుకొని అచ్చటనే తేమను పీల్చును. మంచినీటితో ధారాళముగా కడిగి, సబ్బునీటితో నూనెజిడ్డు తీసి, మరల మంచినీటితో కడుగవలెను. తీరగ్రామములలో కొన్ని బావుల నీరు ఉప్పగా నుండును. ఆ నీరు పనికిరాదు. చెరువునీరో, పట్టియుంచిన వాననీరో వాడవలెను. పిమ్మట ఒకదినము ఎండలో ఆరనీయవలెను.

రెండవది కోత. గ్రైండరుతో రంగును తీసి, తెల్లగా మెరయు మంచిరేకు నలువైపుల కనబడువరకు పోవలెను. ఆ మంచిరేకులోనికి మరి అరయంగుళము చొచ్చి, చెడిన భాగమును కోసి తీసివేయవలెను. ఇచ్చటనే చాలమంది చేయి వెనుదీయును. చిల్లు పెద్దదగునని భయపడుదురు. కుళ్లిన దుంపలో కుళ్లును సగము కోసి మిగిలినది నాటినచో మొలక వచ్చునా? కోసినచోట మూలలు చదరముగా నుండక గుండ్రముగా నుండవలెను. చదరపు మూలవద్ద కుదుపునకు రేకు చీలును.

మూడవది తుప్పుమందు. గుంటలలో మిగిలిన తుప్పుచుక్కలకు మాత్రమే మందు పూయవలెను. ఫాస్ఫారికామ్లము తుప్పును గట్టిపడిన ఫాస్ఫేటు పొరగా మార్చును. ఢిల్లీలో కుతుబ్ సమీపమున సుమారు 1600 ఏండ్లనుండి నిలిచియున్న ఇనుపస్తంభము పెద్దగా చెడకుండుటకు, దాని ఇనుములో ఫాస్ఫరసు అధికముగా నుండుట ముఖ్యకారణమని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. కరక్కాయ కషాయమును ఇనుముతో కలిపి నల్లసిరా చేసికొనుట మన పెద్దలకు తెలియును. కరక్కాయలోని వగరుపదార్థమే కొన్ని తుప్పుమందులలోను కలదు, కావుననే అవి తుప్పును నల్లగా మార్చును. ఏ మందైనను పలుచని తుప్పునకే గాని, పొరలుగా లేచు తుప్పునకు పనిచేయదు. డబ్బామీద వ్రాసిన కాలము ఉంచి, వ్రాసిన ప్రకారము కడిగియో తుడిచియో ఆరబెట్టవలెను. జింకు పూతరేకునకు ఈ మందు తగులనీయరాదు. అది జింకును తినివేయును.

నాలుగవది అతుకు. ముందు దళసరి కాగితముపై చిల్లు ఆకారము గీసి, నలువైపుల ఒక్కొక్క అంగుళము ఎక్కువగా కత్తిరించి, ఆ కొలతకు రేకు కోయవలెను. వంపులున్నచోట ఇసుకసంచిమీద నుంచి మెల్లగా సుత్తితో కొట్టి ఒదుగజేయవలెను. ఒకదానిపై నొకటి చేరు రెండు ముఖములకును ముందే ప్రైమరు వేసి ఆరనిచ్చి, నడుమ సీలెంటు మెత్తి, అతుకును లోపలివైపునుండి చేర్చి, అంగుళము లేక అంగుళమున్నర దూరమున కొక రివిటు చొప్పున బిగింపవలెను. సీలెంటు లేక బిగించినచో ఆ సందులోనికి ఉప్పునీరు ప్రాకి, బయటికి రాలేక, రెండు రేకులను తినును. రివిట్లు ఉక్కువి కావలెను. రాగి, అల్యూమినియము వంటి వేరులోహములు ఉప్పుగాలిలో ఇనుముతో చేరినచో, రెంటిలో ఒకటి త్వరగా చెడును.

వెల్డింగు మరింత గట్టిదే. కాని పలుచని రేకు వేడికి వంకరపోవును, కాలి చిల్లుపడును. కావున కోత, కొలత, శుభ్రత ఇంటివద్ద ముగించి, వెల్డింగునకు మాత్రము పనివానిని పిలుచుట చవకయు క్షేమమును. వెల్డింగు చేసినచోట వెనుకవైపు పూత కాలిపోవును. ఆ వెనుకభాగమునకు మరల పూత వేయుట మరువరాదు.

ఐదవది ప్రైమరు, లప్పము, రంగు. మన తీరమున గ్రైండరుపట్టిన రేకు తెల్లవారునంతలో ఎఱ్ఱబారును. కావున రుద్దిననాడే ప్రైమరు వేయవలెను. ఒకనాడు ఎంత ప్రైమరు వేయగలమో అంత రేకే రుద్దవలెను. ఎపాక్సీ ప్రైమరు రెండు పూతలు వేసి, దానిమీదనే లప్పము పెట్టవలెను. లప్పము చదునుచేయుటకేగాని చిల్లు పూడ్చుటకు గాదు. 3 మిల్లీమీటర్లకు మించి మెత్తరాదు. అది నీటిని పీల్చును గనుక లప్పముమీద మరల ప్రైమరు వేసి, ఎమిరీ కాగితముతో నునుపుచేసి, రెండు పూతల రంగు వేయవలెను. జింకు పూతరేకుమీద ఎనామెల్ రంగును నేరుగా వేసినచో పొరలుగా ఊడిపోవును. నడుమ ఎపాక్సీ ప్రైమరు తప్పక యుండవలెను. పూర్వము సిందూరపు పూత, అనగా సీసము గల ఎఱ్ఱరంగు, వాడుకలో నుండెను. సీసము విషము, ఇంటిముంగిట పిల్లలు తిరుగుచోట అట్టి పూతను రుద్దుటయు, వేయుటయు తగదు.

ఎపాక్సీ పూతలను గట్టిపరచు ద్రవ్యములలో కొన్ని జీడిపెంకుల నూనెనుండియే తయారగును. తేమలోను చక్కగా గట్టిపడును గనుక వానిని ఓడల రంగులలో వాడుదురు. పలాసలో కుప్పలుగా కనబడు పెంకు సముద్రముమీది ఓడను కాపాడుచున్నదన్నమాట. అంతమాత్రమున పచ్చి పెంకునూనెను తెచ్చి బండికి పూయవలదు. అది చేతులను పొక్కించును; శుద్ధిచేయనిది రేకును నమ్మకముగా కాపాడదు.

అపాయములు

గ్రైండరు నిప్పురవ్వలు పది, పదిహేనడుగులు ఎగురును. కొబ్బరిపీచు, ఎండుమట్టలు, జీడిపెంకులు, తాటాకు కప్పు దాపులనుండగా ఈ పని మొదలుపెట్టరాదు. బకెట్టు నీళ్లు, గంపెడు ఇసుక ప్రక్కన నుండవలెను. వెల్డింగునకు ముందు బ్యాటరీ తీగలు విప్పవలెను. నూనె ట్యాంకు దాపున వెల్డింగు చేయరాదు. నిండుట్యాంకుకంటె ఆవిరి నిండిన ఖాళీట్యాంకు ప్రమాదకరము. జింకు పూతరేకును వెల్డింగు చేసినపుడు లేచు తెల్లనిపొగ జ్వరము తెచ్చును. ఆరుబయట, గాలి వాటమునకు ఎదురుగా కాక ప్రక్కగా నిలిచి చేయవలెను. కండ్లకు అద్దములు, చేతులకు తొడుగులు, ముక్కునకు మాస్కు లేనిదే గ్రైండరు పట్టరాదు. బండిని జాకీమీద మాత్రమే నిలిపి క్రిందికి దూరరాదు. ఇటుకలు, కొబ్బరిమొద్దులు నమ్మదగినవి గావు. ఇనుప స్టాండులే పెట్టవలెను.

పిమ్మటి పోషణ

తలుపు అడుగున నీరు జారుటకు చిన్నరంధ్రములు ఉండును. అవి మట్టితో పూడుకొనుటచేతనే తలుపులు లోపలినుండి కుళ్లును. నెలకొకసారి కొబ్బరియీనెతో వానిని పొడిచి తెరచినచో చాలును; కాసు ఖర్చు లేని వైద్యమిది. అతుకు వేయునపుడు ఆ రంధ్రములను పూడ్చివేయరాదు. తలుపు లోపలి బోలుభాగములలో ఆ పనికై అమ్ము మైనపుపూతను చిమ్మింపవలెను.

వారమునకొకసారి, ఎరువు మోసిననాడు తప్పక, తొట్టిని మంచినీటితో కడిగి, డాలా దింపి, ఆరనీయవలెను. ఎరువుసంచుల క్రింద టార్పాలిను పరచవలెను. తొట్టిలో రబ్బరుచాప పరచువారు దానిని తరచుగా ఎత్తి ఆరబెట్టవలెను. తడిచాప తుప్పునకు పరుపువంటిది. రంగు గీరుకొన్నచోట ఆనాడే చుక్క ప్రైమరు, చుక్క రంగు వేయవలెను. గోటితో పోవుదానికి గొడ్డలి ఏల?

సంఘము చేయదగినది

పైన చెప్పిన పనిముట్లలో గ్రైండరు, డ్రిల్లు, రివిటు తుపాకి, ఇనుప స్టాండులు ఏడాదిలో నాలుగుదినములు మాత్రమే ఒక రైతునకు కావలసియుండును. ఒక్కొక్కరు వేరువేరుగా కొనుట వ్యర్థవ్యయము. మందు కొట్టు యంత్రములను అద్దెకిచ్చినట్లే, ప్రతి సంఘమును ఇట్టి పనిముట్లను ఒక జత కొని, స్వల్పపు అద్దెకు సభ్యుల కియ్యవచ్చును. ఎపాక్సీ ప్రైమరు డబ్బాను ఒకసారి కలిపినపిమ్మట కొన్నిగంటలలో వాడనిచో గడ్డకట్టును; ముగ్గురు నలుగురు సభ్యులు ఒకేదినము పని పెట్టుకొన్నచో వృథాకాదు. ఆనాడు అనుభవముగల టింకరును పిలిపించి అందరికిని చూపించినచో, పుస్తకముకంటె కన్ను ఎక్కువ నేర్చును.

క్రొత్తబండి కొనవలెనా, పాతబండి బాగుచేయవలెనా యను ప్రశ్నకు సుద్దగీతలే సమాధానము చెప్పును. గీతలు చర్మముమీదనే యున్నచో పాతబండి మరికొన్నియేండ్లు మోయును; ఆ మేరకు అప్పు తప్పును. గీతలు ఎముకలవరకు దిగినచో, బాగుచేతకు పెట్టు ప్రతిరూపాయియు ఇసుకలో పోసిన నీరే. అట్టి బండిని రోడ్డునుండి తీసివేయుటయే ధర్మము. ఈ రెంటిలో ఏది యనునది రంగు కప్పినంతకాలము ఎవరికిని తెలియదు. కావున సభ్యులు ఈ పొడికాలమున ఒకపూట వెచ్చించి, సుద్దముక్కతోను స్క్రూడ్రైవరుతోను తమ బండ్లను చుట్టివచ్చెదరుగాక.